గుర్రాల పుట్టినరోజు

జనవరి 19
నోయిడాలో కొత్త ఉద్యోగం. యూట్యూబ్ ఛానల్‌కి స్క్రిప్టులు రాయాలి. మొదటి టాపిక్ ప్రపంచంలో గుర్రప్పందాల చరిత్ర. నేను దగ్గరగా చూసిన గుర్రాలు కరోల్ బాగ్ పెళ్లి బరాత్‌ల్లోవే. పర్లేదు, ఇంటర్నెట్‌లో ఉంటుంది అన్నారు ఎడిటర్ రవికిరణ్ గారు. ఇంట్లో చెప్పలేదు. ఒంగోలులో అమ్మానాన్న నేనింకా లక్ష్మీ నగర్ కోచింగ్‌లో సివిల్స్‌కి చదువుతున్నాననే అనుకుంటున్నారు.

జనవరి 22
గ్రీకుల రథాల పోటీల్లో గెలుపు తోలినవాడిది కాదట, గుర్రాల యజమానిది. ఆయన మైదానానికి రాకపోయినా సరే. తర్వాత ఇంగ్లండ్ రాజులు, వాళ్ల వెనకాలే కలకత్తా, మద్రాసు. పీజీ హాస్టల్లో నా రూమ్మేట్ భవ్యశ్రీ చదివి, ఇది గూడ మన సిలబస్ లెక్కనే ఉందక్కా అంది. రాస్తున్నాను. ఏమీ అనిపించడం లేదు.

జనవరి 28
రేసు గుర్రం ఏ నెలలో పుట్టినా భూమధ్యరేఖకి మన వైపు దేశాల్లో పుట్టినరోజు జనవరి ఒకటే. డిసెంబరు చివర్లో పుట్టిన పిల్లకి వారం తిరక్కుండానే ఏడాది నిండినట్టు లెక్క. తనకన్నా నెలల పెద్దవాటితో పరిగెత్తి చావాలి. ఆస్ట్రేలియాలో మాత్రం ఆగస్టు ఒకటి.

సివిల్స్‌కి వయసు లెక్కగట్టేదీ ఆగస్టు ఒకటికే. లాప్‌టాప్ మూసేశాను.

ఫిబ్రవరి 4
సివిల్స్ నోటిఫికేషన్ వచ్చింది. జనరల్ కేటగిరీకి ఆగస్టు ఒకటి నాటికి ముప్పై రెండు నిండకూడదు. నేను పుట్టింది సెప్టెంబరులో, వినాయక చవితి మర్నాడు. సర్టిఫికెట్‌లో జూన్. ఒకటో తరగతిలో చేరడానికి మూడు నెలలు తక్కువైతే నాన్న హెడ్మాస్టరు చేత జూన్ వేయించారు. మా క్లాసులో సగం మంది జూన్‌లోనే పుట్టారు మరి. పిల్లకి ఏడాది కలిసొచ్చిందని నాన్న ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటారు. ఆయనకి నా వయసంటే సెప్టెంబరు లెక్కే. ఆ మూడు నెలలు నా ఆఖరి ఛాన్స్ మింగేశాయి. కోపం రావాలి. రావడం లేదు.

సాయంత్రం నాన్న ఫోన్. అప్లికేషన్ పెట్టావా తల్లీ అన్నారు. పెట్టానన్నాను.

ఫిబ్రవరి 24
భవ్యశ్రీ ఆఖరి రోజు దాకా నాన్చి అప్లై చేసింది. నేను టీ పెట్టాను.

మార్చి 15
వీడియో వచ్చింది. పుట్టినరోజుల ముక్క రవికిరణ్ గారు తీసేశారు. అదెవరికి ఇంట్రెస్ట్ అన్నారు. ఠీక్ హై. తర్వాత ఒంటెల పందేలట. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదంటారు. నేనూ మెస్‌లో మూడు పూటలా తింటున్నాను.

మే 20
ఇదే ఆఖరిది కదా, సెంటరు దాకా తోడొస్తానని నాన్న ఫోన్. టికెట్ కొన్నాకే చెప్పారు.

మే 23
నాన్న దిగగానే రైల్లో పరిచయమైన ఆంటీకి నన్ను చూపించి, రేపు మా అమ్మాయికి కలెక్టరు పరీక్ష అన్నారు. మెట్రోలో చెప్పేశాను. వయసు దాటిపోయింది, ఈసారి రాయడానికి లేదని. ఎందుకు దాటిందో చెప్పలేదు.

ఆయన వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. జూన్ దగ్గర ఆగారు. మళ్లీ మొదట్నించి లెక్కపెట్టారు. లక్ష్మీ నగర్ వచ్చింది. దిగేటప్పుడు, నేనే కదమ్మా వేయించింది అన్నారు. అవునన్నాను. కాదనాల్సింది. ఆయన మొహం చూస్తే భయమేసింది.

మే 24
నాన్న పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, భవ్యశ్రీతో సెంటర్‌కి వెళ్లారు. ఆ పిల్ల బయటికొచ్చేదాకా గేటు దగ్గరే నిలబడతారట. అందుకే కదా వచ్చింది అన్నారు.