పులవని పఖాళ

కెందుగుడ, కొరాపుట్ జిల్లా
బుధవారం, 12 ఏప్రిల్ 2017

చిరంజీవి హృదానందుడికి, జగన్నాథుడి చలవతో నువ్వక్కడ ఫ్యాక్టరీ క్వార్టర్లో క్షేమమని తలుస్తూ, మీ అక్క కుముదిని అపా దీవించి రాయునది.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. నీకు స్పీకరు పెట్టి మాట్లాడే రోగం ఉంది. ఇది మీ ఆఫీసులో ఎవరి చెవినా పడకూడదు. అక్కడికి పాలు పోయడానికొచ్చే మీ బావ చేతే పంపుతున్నాను. ఆయన విప్పి చదవడు, అంత ఓపికెక్కడిది?

శుక్రవారం నువ్వు శుద్ధిచేసిన ఫ్యాక్టరీ నీళ్ళు మన ఊరి వంగతోటలకు వదులుతావని అందరూ ఎదురుచూస్తున్నారు. అల్యూమినియం తీసే చోట వాడి పారబోసిన కాస్టిక్ సోడా నీళ్ళను మా తమ్ముడు మళ్ళీ మంచినీళ్ళు చేశాడని నేను చెప్పుకోని గుమ్మం లేదు. పక్కింటి జెమా పిన్ని ఊరుకుంటుందా? అంత మంచివైతే ముందు నీ కుండలో పోసుకోవే అంది. నాకు తిక్కరేగింది. శుక్రవారం ఆ నీళ్ళు పోసే అన్నం పులియబెట్టి ఊరందరికీ పఖాళ పెడతాను, నువ్వూ లొట్టలేసుకుంటూ తిందువుగాని అనేశాను. నా నోటి సంగతి నీకు తెలియందా!

మాటిచ్చాక మనసు పీకింది. ఆదివారం బావ చేత మీ తూము దగ్గర ఒక క్యాను పట్టించుకొచ్చాను. రెండు కుండల్లో అన్నం వేసి ఒకదాంట్లో నూతినీళ్ళు, ఒకదాంట్లో నీ నీళ్ళు పోశాను. నూతినీళ్ళది మర్నాటికే కమ్మగా పులిసింది. నీ దాంట్లో పులుపు జాడే లేదు. మెతుకు పట్టుకుంటే సబ్బులా జారింది. నిన్నా అంతే. నీళ్ళలో సోడా ఘాటు కొలిచే మీ మీటరు ఏడు చూపిస్తే మంచినీళ్ళేనంటావు. ఏమో నాన్నా, దానికీ చత్వారం వచ్చిందేమో, ఇంకో మీటరు పెట్టి చూడు.

కంగారుపడకు, నీ పరువు పోనిస్తానా? నాకు ఒంటిమీద అమ్మవారు పోసిందని చెప్పి, గుమ్మానికి వేపమండలు కట్టి మంచమెక్కాను. అమ్మవారు ఊళ్ళో ఉండగా తొమ్మిది రోజులు ఏ శుభకార్యమూ పెట్టుకోరు కదా. శుక్రవారం వద్దని సర్పంచే అన్నాడట. ఈలోగా సరిచేసుకో. ఆ తల్లి పేరు చెప్పి అబద్ధమాడినందుకు తర్వాత కొబ్బరికాయ కొట్టుకుంటాను. పని గొడవలో పడి పస్తులుండకు. వడియాల పొడి పంపుతున్నాను.

నిన్ను చంకనేసుకుని పెంచిన
కుముదిని అపా

తా.క.: జెమా పిన్ని ఊరికే నమ్మే మనిషి కాదు. నా నోరు తెరిపించి చూసింది. నాలుక మీద పొక్కులు నిజమేరా. రేపటికి పులుస్తుంది, రేపటికి పులుస్తుంది అనుకుంటూ నీ కుండలోది మూడు పూటలు తిన్నాను. నీ మాట తప్పవుతుందని అనుకోలేకపోయాను. మీ బావకి తెలీదు. నువ్వు ఏడవకు, మజ్జిగ పుక్కిలిస్తుంటే తగ్గుతోంది. ముందు ఆ నీళ్ళ సంగతి చూడు. శుక్రవారం మొదటి పంక్తిలో కూర్చోవలసింది బడిపిల్లలు.