ఎయిర్‌పోర్టులో మన మాట

ఆల్థాన్, సూరత్

అక్కా,

నీ మేనకోడలు సింధూజ ఉద్యోగం గురించి నువ్వు రెండుసార్లు అడిగితే మాట మార్చాను. ఇప్పుడు ధైర్యంగా చెబుతున్నాను. వేసవిలో వాళ్ల విమాన కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కలుపుకుంది. ఒక్కో పనికి ఇద్దరేసి అయ్యారని, ఇక్కడి ఎయిర్‌పోర్టులో సగం మందిని తీసేస్తామన్నారు. పిల్ల ఇరవై రోజులు సరిగా తినలేదు.

అంతలో కొత్త కంపెనీ హైదరాబాద్‌కు రోజూ విమానం వేసింది. తెలుగు ఎవరికి వచ్చని మేనేజరు అడిగితే సింధూజ ఒక్కతే చెయ్యెత్తింది. ఉద్యోగం నిలిచింది.

మొదటి రోజు ఆ విమానం ఎక్కబోతూ మా పక్కింటి ఐలమ్మ నాకు ఫోన్ చేసింది.

"తమ్మీ, నీ బిడ్డ మైకుల మన మాటల్నే పిలుస్తుంది, జర ఇను!"

మరమగ్గాల చప్పుడులో వినబడక, నా సాంచాలు ఆపి బయటికి పరిగెత్తాను. "హైదరాబాద్ పోయేటోళ్లు ఇటు రాండ్రి, మెల్లగ నడువుండ్రి" అంటోంది ఫోనులో సింధూజ.

వెనకే మా యజమాని సేఠ్ వచ్చి, "క్యా హువా?" అని, పని ఎందుకు ఆపావని గద్దించాడు.

"మేరీ బేటీ హై, సేఠ్" అని, ఆ గొంతు నా బిడ్డదేనన్నాను.

తెలుగు ఒక్క ముక్క రాని ఆ మనిషి, నా ఫోను చెవికి పెట్టుకుని చివరిదాకా విన్నాడక్కా.

నీ తమ్ముడు