అనిత ఎత్తు

అక్కా,

నువ్వు చనిపోయి ఇవాళ్టికి ఏడాది. నీ బిడ్డ అనిత తండాలో నా దగ్గరే ఉంది. దాని సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మొన్న అంగన్‌వాడీలో దాని ఎత్తు కొలిచి, "మంచిగ పెరిగింది. తోటి పిల్లలను అందుకుంటున్నది" అంది టీచరమ్మ. నేను నమ్మలేదు. పై సార్లు తనిఖీకి వస్తున్నారని ఎక్కువ చేసి చెబుతోందనుకున్నాను. నువ్వు దాన్ని వెంటేసుకుని ఖమ్మం వైపు మిరపకాయలు ఏరడానికి పోయిన రోజుల్లోనే, ఇక ఇది పెరగదని అందరూ తేల్చేశారు కదా. "తల్లి పొట్టిది, బిడ్డ గింతే ఉంటది. గది రక్తం" అనేది మీ అత్త.

ఇంటికొచ్చి దాన్ని గోడకు ఆనించి నిలబెట్టాను. జడ విప్పాను. మడమలు లేపిందేమోనని వంగి చూశాను.

"చిన్నమ్మా, ఎన్నిసార్లు కొలుస్తవ్?" అని విసుక్కుంది.

దర్జీ ఇచ్చిన టేపు మీద కూడా అనుమానమొచ్చి, ఇంకో టేపు తెచ్చి కొలిచాను. టీచరమ్మ చెప్పింది నిజమే.

దానికి నేను పెట్టిందల్లా రోజూ గుడ్డు, పప్పు, పాలు. జ్వరమొస్తే వెంటనే దవాఖానకు తీసుకుపోయాను. అంతే.

ఇప్పుడు నా అనుమానం మీ అత్త మాట మీదికి మళ్లింది. అంతా రక్తమే అయితే ఇది ఎట్లా పెరిగింది?

మన చిన్నప్పుడు కరువులో నీ గిన్నెలోది నాకు ఒంపేదానివి. నేను నీకంటే జానెడు ఎత్తు పెరిగాను. నాది నాయిన పోలిక అన్నారు అందరూ.

అక్కా, ఆ మాట కూడా నేనిప్పుడు నమ్మడం లేదు.