గంట నాలుకకు కట్టిన పేలిక

నాయనా,

ఈ ఏడు కూడా మేత కోసం మందను నల్లమలకు తోలుకొచ్చాం. యర్రగొండపాలెం దాటి మూడు రోజులు అడవిలో నడిచి, పోయినేడు నువ్వు తప్పిపోయిన లోయలోకి నిన్న దిగాం. పులికి వినబడకూడదని, నువ్వు నేర్పినట్టే, మెడగంటలన్నిటి నాలుకలకూ గుడ్డపేలికలు చుట్టి ముడేశాను.

లోయ సగం దాటామో లేదో, వెనక నుంచి గంట మోగింది. మందంతా ఆగి అటే చూసింది.

"ఎవురూ వెనక్కి తిరగొద్దు. మనయన్నీ కట్టేసే ఉండాయి," అన్నాడు చిన్నాయన మెల్లగా.

ఆ పగిలిన మోత మన పెద్ద పొట్టేలు గంటదే. వెనకబడిన ఆ పొట్టేలు కోసమే కదా నువ్వు ఒక్కడివే తిరిగి వెళ్ళావు. దాని గంటకు పేలిక కట్టింది నువ్వే. నీ ముడి చేత్తో విప్పితే తప్ప ఊడదు.

ఎవరు విప్పారు, నాయనా?