అక్క దాచుకున్న ఎనిమిది పేజీలు

బా, ఫిజీ
భాద్రపదం, ఆదివారం

అక్కకు, నీ తమ్ముడు సూరన్న చేతులు జోడించి రాస్తున్న సంగతులు. నేనిక్కడ కులాసా. నువ్వు, బావగారు, పిల్లలు కులాసాగా ఉన్నారని నీ చేతిరాత చూస్తేగాని నమ్మను, కాబట్టి వెంటనే రాయి. నీ మోకాలి నొప్పి ఎలా ఉందో దాచకుండా రాయి.

కోతలు జోరుగా సాగుతున్నాయి. మిల్లులో నాది చెరకు బండ్లు దించే పని. వానల్లేవు, దుమ్ముకి మాత్రం కరువు లేదు. తిండికి లోటు లేదు, రుచికే లోటు. ఒంట్లో బాగానే ఉంది, బెంగపడకు.

కొత్త ఓడలో వచ్చిన మనవైపు మనిషి చేత నువ్వు పంపిన పుస్తకాల మూట అందింది. నాలుగూ చదివేశాను. ఎలా ఉన్నాయో రాయమన్నావుగా, విను. వైద్యం పుస్తకం మంచిదేగాని, ఏ రోగానికైనా చివర్న పాత బియ్యం అన్నం, ఆవు నెయ్యి పథ్యమంటాడు. అవే ఉంటే మాకీ రోగాలెందుకు? వంటల పుస్తకం ఇంకెప్పుడూ పంపకు. పైకి చదువుతూ గుత్తి వంకాయ దగ్గరికి వచ్చేసరికి వింటున్నవాళ్ళలో ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. భూగోళం పుస్తకంలో ఫిజీ కోసం పటమంతా గాలించాను. నీలిరంగు తప్ప ఏమీ లేదు. పక్క గది నూకాలు ఆ పటం చూసి, "మరి మనం దేనిమీద నిల్సున్నాం?" అంది. ఆ రాసినాయన్ని ఒక్క కోతకాలం ఇక్కడికి పంపాలి.

ఇక నాలుగోది నవల. ఈ ఉత్తరం దాని గురించే. చివరి ఎనిమిది పేజీలు చింపి నీ దగ్గర పెట్టుకుని, "మిగతాది ఇంటికొచ్చి చదువుకో" అని అట్ట మీద రాశావు. నేను చెప్పకుండా వచ్చేసి ఎనిమిదేళ్ళయినా నీ మొండితనం తగ్గలేదు. చూసి నవ్వుకున్నాను, ఆ తర్వాత కాసేపు ఏడ్చాను కూడా. కానీ నువ్వు చేసిన పని ఎందాకా వచ్చిందో చూడు.

మా లైన్లో, అంటే కూలీల గదుల వరసలో, ఆదివారం మధ్యాహ్నాలు నేను చదువుతాను, ఇరవైమంది వింటారు. ఏ పుస్తకమైనా దీపం పెట్టి, కొబ్బరికాయ కొట్టి విప్పాల్సిందే. ఇది దేవుడి కథ కాదు, ఎవరో ఊహించి రాసిందని చెప్పాను. పైడయ్య ఒప్పుకోలేదు.

"అచ్చరాలు ఏయైనా సరస్పతమ్మవే గదేటి? దీపం ఎట్టకుండా సదివితే కళ్ళు పోతాయి బాబూ" అన్నాడు.

అలా నవలకి పసుపూ కుంకుమా పెట్టారు. దీపం పెట్టి విప్పినదాన్ని హారతి ఇచ్చి ముగించాలి, మధ్యలో వదిలేస్తే విన్నవాళ్ళందరికీ కీడని వీళ్ళ పట్టుదల.

ఈ పైడయ్య మన ఊరికి రెండు కోసుల దూరంలోని వాడే, యాభై దాటిన మనిషి. కూలికొచ్చి పదేళ్ళు నిండాయి, కాబట్టి గవర్నమెంటు ఖర్చుతో ఇంటికి వెళ్ళవచ్చు. అయినా రెండు ఓడలు వదిలేశాడు. సముద్రం దాటినవాణ్ణి గడప తొక్కనిస్తారో లేదో, ఈపాటికి తనకి తద్దినాలు పెడుతున్నారేమోనని భయం.

కథ కూడా అదే కదా. అలిగి దేశాలు పట్టిపోయిన పెద్దకొడుకు చిరుగుబట్టలతో తన ఇంటి ముందే నిలబడతాడు. "తలుపు తట్టాడు" అన్న మాటతో పేజీ అయిపోయింది. తర్వాత నువ్వు చింపిన అంచే ఉంది.

"తీసారా?" అన్నాడు పైడయ్య.

దీపం వెలుగుతోంది. ఇరవైమందీ నా నోటికేసి చూస్తున్నారు. "తీశారు" అన్నాను. ఆఖరి పేజీ పట్టుకుని, కళ్ళు అక్షరాల మీద తిప్పుతూ, అప్పటికప్పుడు అల్లాను. తమ్ముడు తలుపు తీశాడని, తద్దినం పెట్టిన చేతులతోనే పీట వేశాడని, తల్లి ఎక్కడికి పోయావని అడగకుండా అన్నం తిన్నావా అని అడిగిందని చదివాను. నూకాలు వెక్కి వెక్కి ఏడ్చింది. హారతి ఇచ్చారు.

సోమవారం పైడయ్య ఆఫీసుకి వెళ్ళి వచ్చే ఓడకి పేరు రాయించుకున్నాడు. "పొత్తకంలోనే ఉంది గదా, తలుపు తీసీసినారని" అని కనబడినవాడికల్లా చెబుతున్నాడు. నిజం చెబుదామని రెండుసార్లు అతని గదికి వెళ్ళాను. కొత్త పంచె ఉతికి ఆరేసుకుంటున్నాడు. చెప్పకుండానే తిరిగొచ్చేశాను. దీపం ముందు అబద్ధం చదివాను అక్కా. నాకు భయంగా ఉంది.

ఈ ఉత్తరం తెచ్చేది అతనే. చదువు రాదు. ఓడలో ఎవరిచేతైనా చదివించుకుంటే కొంప మునుగుతుందని లక్క వేశాను. ముందు మీ ఇంటికే రమ్మన్నాను. అన్నం పెట్టు. నీ దగ్గరున్న పేజీలు మొదట నువ్వొక్కదానివే మళ్ళీ చూడు. వాటిలో తలుపు తీసి ఉంటే, అతని ధైర్యం కోసం చదివి వినిపించు. తీయకపోతే వాటిని పెట్టెలో పెట్టేసి, నేను వేరే కాగితం మీద రాసి ఇందులోనే పెట్టిన ముగింపు చదువు. ఆ తర్వాత బావగారిని అతని వెంట వాళ్ళ ఊరికి పంపు. ఆ తలుపు ఒంటరిగా తట్టనివ్వకు. వాళ్ళు తీయకపోతే, మీ ఇంటికే వెనక్కి తీసుకురమ్మను. నా మీద కోపం ఉంటే అది నేనొచ్చాక తీర్చుకోవచ్చు, అతని మీద చూపకు.

బావగారికి, అత్తయ్యగారికి నా దండాలు. పిల్లలకి ముద్దులు. రాసుకోవడానికి తెల్లకాగితాలు పంపు. నన్ను దీవించు.

అసలు ముగింపేమిటో మాత్రం నాకు రాయకు. నాకు పదేళ్ళు నిండడానికి ఇంకా రెండు కోతలున్నాయి. పైడయ్యకి ధైర్యం చెప్పినవాణ్ణి, నేను మాత్రం ఇక్కడ దాక్కుంటే బాగోదు. పేజీలకి చెద పట్టకుండా చూసుకో, వచ్చి చదువుకుంటాను.

నీ తమ్ముడు,
సూరన్న