రాజారావు అంకుల్ ఛాతీకి ఆనిన అయస్కాంతం

మంగళవారం, జురాంగ్ ఈస్ట్, సింగపూర్



ఓడల రాడార్లలో మైక్రోవేవ్ పుట్టించే వాక్యూమ్ ట్యూబుకు ఈ రోజు మా వర్క్‌షాపులో కొత్త అయస్కాంతాలు బిగిస్తున్నాం. ఒకటి ఎత్తి మా సీనియర్ రాజారావు అంకుల్‌కి నేనే అందించాను. బరువుకు చేతులు తడబడి ఆయన దాన్ని ఛాతీకి ఆనించుకున్నారు. అంతే, మొహం పాలిపోయి కూలబడ్డారు.

"తీసెయ్! దూరంగా తీసెయ్!"

లాక్కుని గది అవతలి మూలకు పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి కాస్త తేరుకున్నారు.

"పోయిన నెల సెలవు కంటి ఆపరేషన్‌కి కాదమ్మా. గుండెకి పేస్‌మేకర్ పెట్టారు."

అయస్కాంతం దగ్గరైతే పేస్‌మేకర్ గతి తప్పుతుంది, అది ఉన్నవాళ్లు ఈ గదిలోకి రాకూడదు. నేను ఉద్యోగంలో చేరిన రోజు ఆ సంగతి నాకు చెప్పింది ఆయనే!

"ఎవరికీ చెప్పకు లా," అని ఇక్కడి సింగపూర్ యాసలో బతిమాలారు. "ఈ పని తప్ప నాకింకేం తెలుసు?"

"చెప్పకుండా ఎలా ఉంటాను అంకుల్?"

అంబులెన్స్ పిలిచాను. మేనేజర్‌కూ చెప్పేశాను. స్ట్రెచర్ మీద వెళ్తూ అంకుల్ నా వైపు చూడలేదు.

సాయంత్రం ఆసుపత్రి నుంచి వాళ్లావిడ ఫోన్ చేశారు. ప్రమాదం లేదట, పేస్‌మేకర్ బాగానే పనిచేస్తోందట. హమ్మయ్య అనుకునేలోపే ఆంటీ అన్నారు:

"అయస్కాంతాల పనంతా నువ్వే చేస్తున్నావనీ, ఆయన్ని ఆ గదిలోకే రానివ్వట్లేదనీ రోజూ చెప్తారు. ఆ ధైర్యంతోనే పనికి పంపాను. మరి ఇవాళ ఎలా రానిచ్చావమ్మా?"

ఆయన్ని కాపాడాలో, నిజం చెప్పాలో తేల్చుకోలేకపోయాను.

"ఆపరేషన్ సంగతి నాకు ఈ రోజే తెలిసింది ఆంటీ," అనేశాను.

"అంటే ఇన్నాళ్లూ ఆ గదిలో ఆయనే పనిచేశారా?" అన్నారు ఆంటీ.