జనవరి ఒకటిన పుట్టినవాళ్ళు

బిష్కెక్, మార్చి 11

డాక్టర్ గుల్బారా అక్కయ్యా,

మీ ఆసుపత్రికి నేను రాసిన కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో ఈ ఉదయం నా తప్పే కనబడింది. పేరూ పుట్టినతేదీ ఒకటైతే మనిషీ ఒకరేననుకున్నాను. మన కొండల్లో పుట్టినరోజు తెలియని ముసలివాళ్ళందరికీ కాగితాల్లో రాసేది జనవరి ఒకటో తేదీనే కదా! బురుల్ అనే పేరున్న ఇద్దరు అవ్వలు అందులో ఒక్కరైపోయారు. ఒకరికి పెన్సిలిన్ పడదన్న మాట చెరిగిపోయింది.

మీ నర్సుకు ఫోన్ చేసి చెబితే, "నాదీ అదే తేదీనమ్మా!" అని తేలిగ్గా నవ్వేసింది. అందుకే నేరుగా మీకే ఈ మెయిల్ రాస్తున్నాను.

ఇదివరకు తివాచీ దుకాణాలకు వెబ్ పేజీలు చేశాను. అక్కడ తప్పయితే రంగు మారేది, అంతే.

"గుట్టుగా దిద్దెయ్యవే, పిచ్చిదానా! ఇంకెవరు పనిస్తారు?" అన్నాడు అన్నయ్య ఎర్మెక్. కంపెనీ అండలేకుండా ఒంటరిగా పనిచేస్తున్నదాన్ని. నా తప్పు నేనే చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

నేను వచ్చి సరిచేసేదాకా కంప్యూటర్ తెర చూసి ఎవరికీ సూది వెయ్యకండి, మనిషిని అడగండి. రేపు పొద్దున్నే మొదటి వ్యానుకు వచ్చి, మీ పాత చీటీలతో ఒక్కొక్క పేరూ సరిచూస్తాను.